మునిగిన ఊరి గులాబి: కొమ్మ నుంచి మొక్క

ఈసారి గోడపత్రికల విజ్ఞానం పేజీ నాకు ఇచ్చిండ్రు. మన బడిల నీళ్ల ట్యాంకు ఎనుక సగం కోసిన నీళ్ల సీసాలు బోర్లించి ఉన్నయి కదా, అవేందని అందరు అడుగుతున్నరు. కొందరు ఎత్తి చూసిండ్రు కూడా. ఒకామె లోపలి పుల్లను పీకి, "వేర్లు రాలేదు" అని నాకే చూపించింది. అవి ఎందుకు ఎత్తొద్దో, ఆ పుల్లలు ఎక్కడియో చెప్పనీకే ఈ పాఠం రాస్తున్నాను.

మాది కొల్లాపూర్ మండలంల నల్లమల అంచుకు ఉన్న చెంచు గూడెం. మా ఇంట్ల బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా ఇంటి ముందర, బోళ్లు తోమిన నీళ్లు పడే కాడ, ఒక గులాబి చెట్టు ఉన్నది. నా ఎత్తు కన్న జర ఎక్కువనే ఉంటది. పువ్వు లేత గులాబి రంగు, పూసిన రెండో రోజుకు అంచులు తెల్లబడతయి. ఒక పువ్వుకు రేకులు లెక్కపెడితే 34 వచ్చినయి, ఇంకో పువ్వుకు 41. వాసన దూరం నుంచి రాదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే వస్తది. దాని పేరు ఎవరికీ తెల్వదు. మా గూడెంల "అవ్వ గులాబి" అంటరు.

అవ్వకు పుట్టిన తారీఖు తెల్వదు. "డ్యాం నీళ్లు వచ్చిన ఏడు నాకు కొత్తగ పెండ్లయింది" అంటది. శ్రీశైలం డ్యాం నీళ్ల కోసం ఊర్లు ఖాళీ చేయించింది 1981ల. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలల్ల నూరు దాకా ఊర్లు పోయినయి. (మనది 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా.) అవ్వ వాళ్లు అప్పుడు పాత సోమశిలకు కట్టెలు, తేనె అమ్మనీకె పోతుండిరి. అక్కడ ఒక ఇంటి పెరట్ల ఈ గులాబి ఉండెనంట. ఆ ఇంటామె రోజు దేవునికి పువ్వులు తెంపేదట. ఊరు ఖాళీ చేస్తున్నప్పుడు అవ్వ పోయి, "అమ్మా, ఒక పుల్ల తీసుకుంటనమ్మా" అని అడిగింది. ఆమె మూటలు కట్టుకుంటనే, "చెట్టంతా తీస్కపోవే, ఎట్లన్న మునిగేదే కద" అన్నదంట.

అవ్వ చెట్టును పీకలేదు. మూడు పుల్లలు కోసి, తడి గుడ్డల చుట్టి, తట్టల పెట్టుకొని నడిచి వచ్చింది. అండ్ల ఒకటే బతికింది. మా ఇంటి ముందర ఉన్నది అదే.

సోమశిల గుళ్లను మీరు పిక్నిక్‌కు పోయినప్పుడు చూసే ఉంటరు. అవి మొదటి నుంచి అక్కడ ఉన్నవి కావు. నీళ్లు రాకముందు పురావస్తు శాఖ వాళ్లు ఆ రాళ్లకు నంబర్లు వేసి, విప్పి, పైకి తెచ్చి మల్ల అట్లనే పేర్చిండ్రు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని కూడా అట్లనే తెచ్చిండ్రు. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి మాత్రం నీళ్లల్లనే ఉండిపోయింది, ఎండకాలం నీళ్లు తగ్గితే బయటపడ్తది. రాళ్లకైతే నంబర్లు వేసిండ్రు. పెరట్ల చెట్లకు ఎవరు వేస్తరు? మా అవ్వ తెచ్చింది ఒక్కటే నాకు తెలిసి.

ఇప్పుడు సంగతి ఏందంటే, మాకు ఇల్లు మంజూరైంది. పునాదికి ముగ్గు పోస్తే ఆ గీత సరిగ్గా చెట్టు మీదికెళ్లి పోయింది. సంక్రాంతి కాంగనే పునాది తవ్వుతరని జూన్‌లనే చెప్పిండ్రు. జాగా చిన్నది, పక్కకు జరుపనీకె లేదు. నాయన "గులాబిదేముంది, నర్సరీల దొరుకుతది" అన్నడు. అవ్వ ఏమీ అనలేదు. మునుపు అవ్వ దగ్గర కొమ్మలు తీస్కపోయిన మా చిన్నవ్వను, ఇంకో గూడెంల మా అత్తమ్మను అడిగినం. ఇద్దరి చెట్లు చచ్చిపోయినయి. అంటే మాకు తెలిసినంతల ఉన్నది ఈ ఒక్కటే.

అప్పుడు నేను బయాలజీ టీచర్‌ను అడిగిన. టీచర్ మొదటి మాటనే, "విత్తనం కాదు, కొమ్మ తే" అన్నరు.

ఎందుకు విత్తనం కాదు? గులాబికి పువ్వు రాలినంక చిన్న కాయ అయితది, అండ్ల గింజలు ఉంటయి. కాని ఆ గింజల మొక్క తల్లి లెక్క ఉండదు. రంగు మారొచ్చు, రేకులు తక్కువ కావొచ్చు, వాసన పోవచ్చు. మన కొల్లాపూర్ మామిడి తోటలల్ల పనికి పోయినోళ్లకు ఇది తెలుసు. బేనిషాన్ పండు తిని టెంక పాతితే బేనిషానే కాస్తదని నమ్మకం లేదు. అందుకే అంటు కడతరు. కొమ్మ నాటినా, అంటు తొక్కినా, అంటు కట్టినా వచ్చే చెట్టు బిడ్డ కాదు, తల్లే ఇంకో చోట నిలబడ్డట్టు. విత్తనం లేకుండా ఇట్లా మొక్క భాగాల నుండి కొత్త మొక్కలు రావడాన్ని శాఖీయ ప్రత్యుత్పత్తి అంటారు. కొమ్మ ముక్కను ఛేదనం అంటారు. (పరీక్షల వస్తది, రాసుకోండ్రి.)

అంటే మా ఇంటి ముందర ఉన్నది సోమశిల చెట్టు బిడ్డ కాదు. సోమశిల చెట్టే. నాకు ఇది అర్థమైనప్పుడు రాత్రి స్టడీ అవర్‌ల మస్తు సేపు కూసోని ఆలోచించిన. ఆ ఇల్లు మునిగింది, పెరడు మునిగింది, చెట్టు మాత్రం మునుగలేదు.

మనకు ఇది కొత్త కూడా కాదు. మునగ కొమ్మ విరిచి పాతితే చెట్టయితది కదా. అడివిల గడ్డలు తవ్వినప్పుడు అవ్వ తీగె ఉన్న తల కోసి మల్ల అదే గుంతల పెట్టి మన్ను కప్పుతది. "తల పెట్టకుంటే వచ్చే ఏడు ఏం తింటవు" అంటది. అది కూడా శాఖీయ ప్రత్యుత్పత్తే. అవ్వకు ఆ పేరు తెల్వదు అంతే.

ఇగ పని చెప్త. ముందు మేము చెడగొట్టిన సంగతి.

జులైల వానలు పడంగనే పది పుల్లలు తెచ్చి ఇక్కడ ఒక తట్టల పెట్టిన. మన్ను నల్లది, చెరువు కాడిది, బలముంటదని తెచ్చిన. అదే తప్పు. నల్లమన్ను నీళ్లు పట్టి ఉంచుతది. పైన వాన. దాని మీద మా రూముల వాళ్లందరు ప్రేమతోని పొద్దుందాక నీళ్లు పోసిండ్రు. పది రోజులకు అన్నిటికి పచ్చటి చిగుర్లు వచ్చినయి. "బతికినయి, బతికినయి" అని నేను అవ్వకు ఫోన్ కూడా చేయించిన. ఇంకో పది రోజులకు చిగుర్లు వాడినయి, పుల్ల అడుగు నల్లగ మెత్తగ అయ్యింది. పదికి పది పోయినయి.

చిగురు వస్తే బతికినట్టు కాదు. ఇది అందరు గుర్తుపెట్టుకోవాలె. పుల్లల దాచుకున్న ఆహారంతోని కన్ను విచ్చుకుంటది, దానికి వేరుతోని పని లేదు. ఆ దాచింది అయిపోయే లోపల వేరు రావాలె. రాకుంటే అంతే. మొదలు కోసిన చోట మొటిమ లెక్క తెల్లటి కణజాలం ఏర్పడుతుంది, దానిని కేలస్ అంటారు. తరువాత వేర్లు బయలుదేరుతాయి. గులాబికి నెల నుంచి రెండు నెలలు పట్టొచ్చు. నడుమ పీకి చూస్తే, దారం కన్న సన్నంగ ఉన్న ఆ వేర్లు తెగిపోతయి. సీసాలు ఎత్తొద్దని ఎందుకన్ననో ఇప్పుడు తెలిసిందా?

దసరా సెలవులల్ల రెండోసారి చేసిన. ఈసారి టీచర్ చెప్పినట్టు, అవ్వ చెప్పినట్టు రెండూ చేసిన. దసరా మంచి కాలం, వానలు తగ్గుతయి, ఎండ ముదరదు. నడి ఎండకాలంల చేయకుండ్రి.

కొమ్మ ఎట్లాంటిది కావాలె? లేత చిగురు కొమ్మ కుళ్లుతది, బెరడు గట్టిపడ్డ ముసలి కొమ్మకు వేరు తొందరగ రాదు. పువ్వు పూసి రాలిన కొమ్మ మంచిది, పెన్సిల్ అంత లావు. దానికి మచ్చలు, పురుగు ఉండొద్దు. తల్లికున్న రోగం కొమ్మతోని పాటే వస్తది. పొద్దుగాలనే కోయాలె. ఒక జానెడు పొడుగు, మూడు నాలుగు కణుపులు ఉండాలె. అడుగున కణుపుకు కొంచెం కింద ఏటవాలుగా కోయాలి, పైన కణుపుకు కొంచెం మీద కోయాలి. కణుపు దగ్గరనే వేర్లు ఎక్కువగా పుడతాయి. కత్తి పదునుగ ఉండాలె, కోసేముందు కడగాలె. మొద్దు కత్తి బెరడును నలుపుతది, నలిగిన కాడ బూజు పడ్తది. పై ఆకులు రెండు ఉంచి మిగతా తీసేయాలె. ఆకులు మొత్తం ఉంచితే నీళ్లన్ని ఆవిరై పుల్ల ఎండుతది. మొత్తం తీసేస్తే ఆహారం తయారు కాదు.

తలకిందులు పెట్టొద్దు. నేను ఒకసారి పుల్లలు కింద పడేసుకున్న, ఏది పైదో ఏది కిందిదో తెల్వకుండా అయ్యింది. అవ్వ నవ్వి, "ముల్లు చూడవే పిల్లా" అన్నది. గులాబి ముల్లు మొన కొంచెం కిందికి వంగి ఉంటది. మొన నేల దిక్కు చూస్తే సరిగ్గ పెట్టినట్టు. ఇది ఏ పుస్తకంల లేదు అనుకున్న. టీచర్‌కు చెప్తే ఆమె కూడా చెట్టు కాడికి పోయి చూసొచ్చింది.

మన్ను ఈసారి మార్చిన. సగం ఇసుక, సగం ఎర్రమన్ను, పిడికెడు బాగా మాగిన పెంట. పచ్చి పెంట వేస్తే పుల్ల ఉడికిపోతది. డబ్బా అడుగున బొక్కలు పెట్టిన. ముందు చీపురు పుల్లతోని గుంత చేసి, అండ్ల కొమ్మను దించి చుట్టు మన్ను ఒత్తాలె. కొమ్మతోనే పొడిస్తే బెరడు లేస్తది. సగం మన్నుల, సగం పైన. రెండు కణుపులన్న లోపల ఉండాలె.

సీసా ఎందుకంటే, వేర్లు లేని పుల్ల నీళ్లు ఎక్కువ తాగలేదు, ఆకులు మాత్రం నీళ్లు వదులుతనే ఉంటయి. పైన సీసా బోర్లిస్తే లోపల గాలి తడిగ ఉంటది, ఆకు వాడదు. మూత తీసి పెట్టాలె, లేకుంటే బూజు. నీడల పెట్టాలె. ఎండల పెడితే సీసా లోపల పొయ్యి అయితది. నీళ్లు, మన్ను పైన ఆరినట్టు కనపడితేనే.

ఇంకో పరీక్ష కూడా చేసిన. నర్సరీలోళ్లు వేర్లు తొందరగా రావడానికి ఆక్సిన్ హార్మోను ఉన్న పొడి అద్దుతరు. నా దగ్గర అది లేదు. కొందరు తేనె మంచిదంటరు, కొందరు కలబంద మంచిదంటరు. పన్నెండు పుల్లలల్ల నాలుగిటికి తేనె అద్దిన, నాలుగిటికి కలబంద గుజ్జు, నాలుగిటికి ఏమీ లేదు. తేనె మా నాయన తెచ్చింది, అసలుది. అదే గెలుస్తదని రూముల అందరితోని పందెం కట్టిన. తేనె పెట్టినవాటిల ఒకటి బతికింది. కలబందవి ఒకటి. ఏమీ పెట్టనివి ఒకటి. పందెం ఎవరూ గెలువలేదు. నాలుగు నాలుగు పుల్లలతోని ఏదీ తేలదని, ఎన్నో ఎక్కువ పెట్టాలని టీచర్ అన్నరు. ఉన్నదే ఒక్క చెట్టు, ఎన్నని కోస్తం?

అందుకే ఒక్క చెట్టే ఉన్నప్పుడు ఇంకో పద్ధతి ముందు చేయాలె. నేల అంటు. కొమ్మను కోయకుండానే నేలకు వంచి, కణుపు కింద చిన్న గాటు పెట్టి, ఆ భాగం మీద మన్ను కప్పి, రాయి పెట్టాలె. కొస పైకి ఉండాలె. వేర్లు వచ్చేదాక తల్లే పాలు ఇస్తది, అంటే నీళ్లు, ఆహారం తల్లి నుంచే వస్తయి. వేర్లు వచ్చినంక కోసి తీయాలె. వేర్లు రాకున్నా కొమ్మ చావదు, నష్టం లేదు. నాకు ఇది ముందే తెలిస్తే జులైల ఆ పది కొమ్మలు కోయకపోదును. అక్టోబర్‌ల రెండు కొమ్మలు తొక్కినం. ఒకదానికి వేర్లు వచ్చినయి, ఇంకోదాన్ని మేక తిన్నది.

ఇగ పేరు సంగతి. నర్సరీ గులాబీలకు పేరుంటది, చేసినాయన పేరుంటది. గోధుమ మీద పని చేసిన బి.పి. పాల్ అనే పెద్ద శాస్త్రవేత్త గులాబీల కొత్త రకాలు కూడా చాలా చేసిండంట. అవ్వ గులాబికి ఏ చీటీ లేదు. టీచర్ పువ్వు, ఆకు, ముల్లు చూసి, "ఎడ్వర్డ్ గులాబి కావొచ్చు, కాకపోవచ్చు కూడా" అన్నరు. ఎడ్వర్డ్ పాత రకమే. హిందూ మహాసముద్రంల రీయూనియన్ అనే దీవి ఉన్నది, ఒకప్పుడు బోర్బన్ దీవి అనేటోళ్లు. అక్కడ కంచెలకు చైనా గులాబి, డమస్క్ గులాబి పక్కపక్కన నాటిండ్రు. వాటి నడుమ కొత్త రకం మొలిచింది. 1819 ప్రాంతంల దాని విత్తనాలు పారిస్‌కు పోయినయి. ఎడ్వర్డ్ ఆ కుటుంబంది. మన దేశంల దాన్ని విడిపూల కోసం పెంచుతరు, అంటు కట్టనీకె కింది మొక్కగ కూడా వాడుతరు. ఉత్తరప్రదేశ్‌ల అత్తరు, పన్నీరు తీసే డమస్క్ గులాబి మాత్రం మాది కాదు, అది ఏడాదికి ఒక్క కాలంలనే పూస్తది. మాది వానకాలం నుంచి సంక్రాంతి దాక తీరుతీరుగ పూస్తనే ఉంటది.

కింది మొక్క అన్న కదా, అది కొంచెం వివరంగ చెప్పాలె. నర్సరీ గులాబి రెండు మొక్కలు కలిపింది. కింద స్టాక్, పైన సయాన్. కొన్నేండ్లకు పైన అంటుకట్టిన మంచి గులాబి ఎండిపోయి, కింది మొక్క చిగురు వేసి చెట్టయితది. ఇంటోళ్లకు తెల్వదు, అదే పాత గులాబి అనుకుంటరు. సోమశిల పెరట్ల కూడా అట్లనే జరిగి ఉండొచ్చని టీచర్ అన్నరు. అది విని నాకు మనసు చిన్నగయ్యింది. అవ్వ తట్టల పెట్టుకొని మోసుకొచ్చింది ఎవరో పారేసిన కింది మొక్కనా? సెలవులకు పోయినప్పుడు భయపడుకుంటనే చెప్పిన. అవ్వ ఆకు నములుకుంట విని, "ఎడ్వర్డ్ ఎవడు? సోమశిలల అసొంటి పేరోళ్లు లేకుండిరి" అన్నది.

పేరు తెల్వని గులాబీలు ప్రపంచంల చానా చోట్ల ఉన్నయి. అట్లాంటిక్ సముద్రంల బెర్ముడా దీవులల్ల 1954 నుంచి ఒక గులాబి సంఘం ఉన్నది. వాళ్లు పేరు తెల్వని పాత గులాబీలను "మిస్టరీ గులాబీలు" అంటరు. తోచిన పేరు పెట్టరు. దొరికిన ఊరి పేరో, పెంచినామె పేరో పెట్టి నడిపిస్తరు. స్మిత్స్ ప్యారిష్ అనే గులాబి అట్ల ఊరి పేరుతోనే ఉన్నది. అమెరికాల టెక్సాస్‌ల కొందరు పాత ఇండ్లు, సమాధుల తోటలు తిరిగి, అడిగి, కొమ్మలు తెచ్చి పెంచుతరు. మా అవ్వ కూడా అడిగే తీసుకున్నది కదా, అని నాకు నవ్వొచ్చింది. అసలు పేరు తర్వాత ఎప్పుడన్న దొరకొచ్చు. తప్పు పేరు ఒకసారి రాస్తే మాత్రం అందరు అదే రాసుకుంటరు. అందుకే నేను ఎడ్వర్డ్ అని రాయలేదు. డబ్బాల మీద "సోమశిల గులాబి, అవ్వ తెచ్చింది, 1981" అని రాసిన. కింద నేను కోసిన తారీఖు రాసిన.

సంక్రాంతి అయినంక పునాది తవ్విండ్రు. నాయన చెట్టును సగానికి కోసి, చుట్టు మన్నుతోని లేపి ఇంటెనుక పెట్టిండు. ముందు నర్సరీల దొరుకుతది అన్నది ఆయనే. ఆకులన్నీ రాలినయంట. చిగురు వచ్చిందో లేదో ఇంకా కబురు రాలేదు.

బతికినయి మొత్తం నాలుగు. నేల అంటు మొక్క అవ్వ దగ్గరనే ఉన్నది, మేకకు అందకుండ చుట్టు కంప పెట్టింది. పుల్లలవి మూడు ఇక్కడ. ఒకటి మా అత్తమ్మకు ఇస్త, చెట్టు ఒక్క ఇంట్లనే ఉంటే ఏమైతదో చూసినం కదా. ఒకటి లైబ్రరీ కిటికీ కింద నాటినం. మూడోది సీసా కింద ఉన్నదే, మొన్న మీరు పీకి చూసింది. మల్ల పెట్టిన. ఆకు ఇంకా పచ్చగనే ఉన్నది.

మీ గూడెంల, తండల గట్ల పేరు తెల్వని పాత గులాబి ఉంటే ఉగాది సెలవులకు పోయినప్పుడు చూసి రండ్రి. ఇప్పుడే కోయకుండ్రి, ఎండలు వస్తున్నయి. ఎవరిది, ఎక్కడి నుంచి తెచ్చిండ్రు, ఎప్పుడు పూస్తది అని ఇంట్ల పెద్దోళ్లను అడిగి చీటీ మీద రాసి నాకు ఇయ్యుండ్రి. దసరాకు కొమ్మలు పెడదాం.

ఎండకాలం సెలవులల్ల లైబ్రరీ కాడి మొక్కకు నీళ్లు పోస్తనని వాచ్‌మెన్ తాత ఒప్పుకున్నడు. రోజుకు ఒక చెంబు చాలు తాతా, రెండు వద్దు అని చెప్పిన.